వార్తలో ‘దిశగా’ ఎక్కడ, ‘వైపు’ ఎక్కడ?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. సోంపేట నుంచి ఎనిమిది నెలలుగా వార్తలు పంపుతున్నావు. ‘కాశీబుగ్గ దిశగా వెళ్తున్న లారీ’ అని రాస్తే డెస్కులో, అంటే ఆఫీసులో వార్తలు దిద్దేచోట, ‘కాశీబుగ్గ వైపు’ అని మార్చారు. సరే, ‘వైపు’ మంచిదన్నమాట అనుకుని తర్వాతి వారం ‘వంతెన పనులు పూర్తి వైపు సాగుతున్నాయి’ అని రాస్తే దాన్ని ‘పూర్తి దిశగా’ అని దిద్దారు. మూడోసారి ‘కళింగపట్నానికి ఆగ్నేయ దిశగా వాయుగుండం’ అని పంపితే ‘ఆగ్నేయంగా’ అని మార్చి వదిలారు. దీనికి ఒక పద్ధతంటూ ఉందా, డెస్కులో ఎవరి ఇష్టం వారిదా అని అడిగావు.

పద్ధతి ఉంది. మొదటి దిద్దుబాటు, మూడో దిద్దుబాటు కచ్చితంగా సరైనవి. రెండోది మాట వరకు సరైనదే గానీ, నేనైతే ఆ వాక్యాన్నే ఉంచనిచ్చేవాణ్ని కాదు. నేను నరసన్నపేటలో కంట్రిబ్యూటర్‌గా మొదలుపెట్టి, తర్వాత శ్రీకాకుళం జిల్లా పేజీల డెస్కులో ఇరవై రెండేళ్లు పనిచేశాను. అన్నేళ్లలో నేను ఎక్కువసార్లు దిద్దిన చిన్న మాటలు ఈ దిక్కులు చెప్పేవే. చదివేవాళ్లు వీటిని నమ్ముకుని ఇంట్లోంచి కదులుతారు, లేదా కదలకుండా ఉండిపోతారు. అందుకే ఈ సమాధానం కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు ‘వైపు’ సంగతి. రోజంతా మన నోట్లో నలిగే మాట ఇది. అటేపు, ఇటేపు, మావైపు, మీవైపు. బస్టాండులో నిలబడి ‘విశాఖ వైపు వెళ్లేవి ఎక్కడ ఆగుతాయి?’ అని అడుగుతాం. ‘విశాఖ సైడు’ అనేవాళ్లూ ఎక్కువే. ఇంత వాడుకలో ఉన్న మాట కాబట్టే దానికి అర్థాలు కూడా పెరిగాయి. ‘రోడ్డుకు ఎడమ వైపు’ అన్నప్పుడు అది పక్క. ‘మందస వైపు వాన దంచేస్తోంది’ అన్నప్పుడు మందస చుట్టుపక్కల ప్రాంతం. ‘మందస వైపు వెళ్తున్నారు’ అన్నప్పుడు వెళ్లే దిక్కు. మాట్లాడేటప్పుడు చేత్తో చూపిస్తాం, ఎదుటివాడికి అర్థం కాకపోతే మళ్లీ అడుగుతాడు. అచ్చులో ఆ అవకాశం లేదు. ‘పలాస వైపు ఆగి ఉన్న లారీని ఢీకొన్న బైక్’ అని రాశావనుకో. లారీ పలాస దగ్గరెక్కడో ఆగిందా, పలాసకు వెళ్లే రోడ్డులో ఆగిందా? ఇద్దరు చదివితే రెండు రకాలుగా చదువుకుంటారు. ‘పలాస వైపు వెళ్లే రోడ్డులో ఆగి ఉన్న లారీ’ అంటే తేలిపోతుంది. రెండు మాటలు పెరిగినా ఫర్వాలేదు.

‘దిశగా’కు ఈ గందరగోళం లేదు. అది కదలికనే చెప్తుంది. ‘పలాస దిశగా వాన పడుతోంది’ అని ఎవరూ అనరు. అంత కచ్చితమైన మాట కాబట్టే వాతావరణ వార్తల్లో కుదురుకుంది. కానీ అది పుస్తకాల్లోంచి, ప్రకటనల్లోంచి వచ్చిన మాట. మనింట్లో ఎవరూ ‘సంత దిశగా వెళ్తున్నాను’ అనరు కదా. మనిషి, ఆటో, లారీ, ఏనుగుల గుంపు ఏదైనా ఊరి పేరు పట్టుకుని వెళ్తుంటే ‘వైపు’ అను. తుపాను, వాయుగుండం, మేఘాల గుంపు లాంటివి దిక్కు పేరు పట్టుకుని కదులుతుంటే ‘దిశగా’ అను. ‘పలాస వైపు’, ‘వాయవ్య దిశగా’. ఈ రెండు జతలు గుర్తుంటే నీ వార్తల్లో ముప్పావు వంతు పని అయిపోతుంది. నీ లారీని డెస్కు వాళ్లు దిద్దింది ఇందుకే.

‘దిక్కు’ అనే మాట ఎందుకు వాడకూడదు అని నువ్వు అడగలేదు గానీ, కొత్తవాళ్లు చాలామంది అడుగుతారు. దిశ కన్నా మనకు దగ్గరి మాట అది. అయితే దానికి ఆసరా అనే అర్థం గట్టిగా అతుక్కుపోయింది. దిక్కులేనివాళ్లు, దేవుడే దిక్కు, దిక్కుతోచని స్థితి. తుపాను వార్తలో ఆ మాట పెడితే చదివేవాడి మనసు ఇంకోచోటికి పోతుంది. తూర్పు దిక్కు, పడమటి దిక్కు అని స్థలం చెప్పేటప్పుడు వాడు, కదలిక చెప్పేటప్పుడు వద్దు.

ఇక ‘నుంచి’. ఇది ‘వైపు’ పక్కన ఉంటే ఒక అర్థం, లేకపోతే సరిగ్గా దానికి వ్యతిరేకమైన అర్థం. నాకు బాగా గుర్తున్న సంగతి ఒకటి చెప్తాను. చాలా ఏళ్ల కింద, రాత్రి పదకొండున్నరకు హైవే మీద ప్రమాదం వార్త ఫోన్లో వచ్చింది. విలేకరి ‘టెక్కలి వైపు నుంచి వస్తున్న ఆటో’ అని సరిగ్గానే చెప్పాడు. పేజీలో సింగిల్ కాలమ్ చోటే మిగిలింది. చివరి లైను పొంగిపోతుంటే మాట తగ్గించే తొందరలో మా డెస్కులో ‘నుంచి’ ఎగిరిపోయింది. అచ్చయింది ‘టెక్కలి వైపు వస్తున్న ఆటో బోల్తా, ముగ్గురికి తీవ్ర గాయాలు’ అని. పేర్లు ఆ రాత్రికి తెలియలేదు. తెల్లవారి ఆరు గంటలకు టెక్కలి దగ్గరి పల్లె నుంచి ఒక తండ్రి ఆఫీసుకు ఫోన్ చేశాడు. కొడుకు ముందురోజు రాత్రి నరసన్నపేటలో ఆటో ఎక్కుతున్నానని చెప్పాడట, ఇంటికి చేరలేదట, ఫోన్ ఎత్తడం లేదట. ఆయన గొంతు వణుకుతోంది. ఫోన్ ఎత్తింది నేనే. ఆటో టెక్కలి వైపు నుంచి వచ్చింది, టెక్కలి వైపు వెళ్లింది కాదు అని విలేకరిని లేపి కనుక్కుని ఆయనకు చెప్పేసరికి ముప్పావు గంట పట్టింది. పిల్లాడు కోటబొమ్మాళిలో స్నేహితుడి ఇంట్లో పడుకున్నాడు, ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది. ఆ ముప్పావు గంట ఆ ఇంట్లో ఏం జరిగి ఉంటుందో ఇప్పటికీ తలచుకుంటాను. రెండక్షరాల మాట తీసేసినందుకు ఒక తల్లి, ఒక తండ్రి పడిన టెన్షన్ అది.

అందుకే ప్రమాదం వార్తలో ఎక్కడి నుంచి, ఎటు వైపు అనే రెండూ ఒకే వాక్యంలో ఉండాలి. ‘శ్రీకాకుళం నుంచి పలాస వైపు వెళ్తున్న కారు’. పదహారో నంబరు జాతీయ రహదారి మధ్యలో డివైడర్ ఉంది. ఈ రెండు మాటలూ ఉంటే ఏ పక్క రోడ్డులో ప్రమాదం జరిగిందో, ఏ పక్క ట్రాఫిక్ ఆగిందో కూడా పాఠకుడికి తెలిసిపోతుంది. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ‘కు’ అంటే చేరే చోటు, ‘వైపు’ అంటే వెళ్లే దిక్కు. లారీ ఎక్కడికి వెళ్తోందో డ్రైవరో, ఓనరో, పోలీసులో చెప్పేదాకా ‘భువనేశ్వర్‌కు వెళ్తున్న లారీ’ అని రాయకు. చూసినవాళ్లకు తెలిసింది అది ఒడిశా వైపు వెళ్తోందని మాత్రమే. ‘ఒడిశా వైపు వెళ్తున్న లారీ’ అని రాస్తే నీకు తెలిసినంతే రాసినట్టు.

‘మీదుగా’, ‘వరకు’ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. దారిలో తగిలే ఊరికి ‘మీదుగా’, ఆగిపోయే చోటికి ‘వరకు’. 2003లో వైఎస్ రాజశేఖరరెడ్డి పాదయాత్ర చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం వరకు అని రాస్తాం, ఆయన అక్కడికి చేరారు కాబట్టి. యాత్ర నడుస్తున్న రోజుల్లో అయితే ‘ఇచ్ఛాపురం వైపు’ అనాలి. ఇచ్ఛాపురం పేరు వచ్చింది కాబట్టి ఒక్క మాట. రాజధానిలో కూర్చున్నవాళ్లు దాన్ని ‘రాష్ట్రంలో చిట్టచివరి ఊరు’ అని రాస్తుంటారు. ఒడిశా నుంచి వచ్చేవాడికి అదే మొదటి ఊరు. అసెంబ్లీ నియోజకవర్గాల లెక్కలో కూడా ఇచ్ఛాపురం ఒకటో నంబరు. మనం మన జిల్లా పేజీకి రాసుకునేటప్పుడు మన ఊళ్లోనే నిలబడి దిక్కులు చెప్పాలి.

ఇప్పుడు అసలు విషయానికి, తుపాను వార్తలకు వస్తాను. 2013 అక్టోబరు 12న పైలిన్ ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర, సరిగ్గా ఏడాదికి 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖలో, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. మన డెస్కుల్లో అక్టోబరు రెండో వారం వస్తే అందరికీ గుండె కాస్త గట్టిగానే కొట్టుకుంటుంది.

తిత్లీ ముందురోజు రాత్రి నేను డ్యూటీలో ఉన్నాను. పేజీ మీద శీర్షిక ‘తీరం దిశగా తిత్లీ’ అని పెట్టుకున్నాం. తకారాలు కుదిరాయి, చోటుకు సరిపోయింది, అందరికీ నచ్చింది. రాత్రి తొమ్మిదిన్నరకు కవిటి పక్క నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. ‘బాబూ, టీవీలో తీరం తీరం అంటున్నారు. ఏ తీరం? మాదా, గోపాల్‌పూర్‌దా? పైలిన్‌కీ ఇలాగే అన్నారు’ అన్నాడు. ఆయన అడిగింది తిత్లీ గురించే గానీ, మా శీర్షికలో లేనిది ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. తీరం వందల కిలోమీటర్ల గీత. ‘తీరం దిశగా’ అంటే చదివేవాడికి భయం పుడుతుంది గానీ సమాచారం అందదు. వాతావరణ శాఖ బులెటిన్‌లో మాత్రం గోపాల్‌పూర్, కళింగపట్నం మధ్య అని స్పష్టంగా ఉంది. శీర్షిక తీసేసి ‘కళింగపట్నం–గోపాల్‌పూర్ మధ్యకు తిత్లీ’ అని పెట్టాం. అందం తగ్గింది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వాళ్లకు మాత్రం ఇది తమ గురించేనని అర్థమయ్యేలా ఉంది. తెల్లవారేసరికి గంటకు 140, 150 కిలోమీటర్ల గాలికి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. అప్పటి నుంచి ‘దిశగా’ కనిపిస్తే ముందు దాని ఎడమ పక్కన ఏముందో చూస్తాను. ‘తీరం’ ఉంటే చాలదు. దిక్కు పేరో, ఊళ్ల పేర్లో ఉండాలి.

నీ మూడో వాక్యం కూడా ఇక్కడిదే. బులెటిన్‌లో రెండు దిక్కులు వరసగా వస్తాయి. ఒకటి వాయుగుండం ఎక్కడ ఉందో చెప్పేది, రెండోది ఎటు కదులుతుందో చెప్పేది. ‘కళింగపట్నానికి ఆగ్నేయంగా 300 కిలోమీటర్ల దూరంలో కేంద్రీకృతమై ఉంది. ఇది వాయవ్య దిశగా కదిలి...’ ఇలా ఉంటుందనుకో. ఆగ్నేయం, వాయవ్యం ఒకదానికొకటి ఎదురెదురు మూలలు. మొదటిది చోటు. కళింగపట్నంలో నిలబడి ఆగ్నేయానికి తిరిగితే అది అక్కడుంది. రెండోది నడక. ఆగ్నేయాన ఉన్నది వాయవ్యానికి నడిస్తే నేరుగా మన నెత్తి మీదికే వస్తుంది. నువ్వు చోటు దగ్గర కూడా ‘దిశగా’ తగిలించేసరికి ‘కళింగపట్నానికి ఆగ్నేయ దిశగా వాయుగుండం’ అంటే అది నడిసముద్రంలోకి దూరంగా వెళ్లిపోతోందని చదువుకోవచ్చు. వలలు సర్దుకోవాలా, పడవ ఇంకా పైకి లాగాలా అని చూసేవాడికి ఆ వాక్యం అందితే ఎంత నష్టమో ఆలోచించు. చోటుకు ‘ఆగ్నేయంగా’ లేదా ‘ఆగ్నేయాన’, నడకకు ‘దిశగా’. డెస్కు వాళ్లు నీకు దిద్దింది చిన్న తప్పు కాదు.

ఈ సందర్భంలోనే ఇంకొకటి. మన జిల్లాలో అందరం సముద్రం తూర్పున ఉందని అంటాం. మ్యాపు తీసి చూడు. మన తీరం నిలువుగా లేదు, నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది. సముద్రం మనకు ఆగ్నేయాన ఉంది. శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం వెళ్లడమంటే ఈశాన్యానికి వెళ్లడమే. ఇది బుర్రలో ఉంటే బులెటిన్ చూడగానే బొమ్మ కళ్ల ముందుకొస్తుంది. వాయవ్య దిశగా వస్తే నేరుగా కొడుతుంది. ఉత్తర ఈశాన్య దిశగా తిరిగితే తీరానికి ఇంచుమించు సమాంతరంగా ఒడిశా, బెంగాల్ వైపు పోతుంది. తిత్లీ కూడా తీరం దాటాక ఈశాన్య దిశగా మళ్లింది. బులెటిన్ పంపేటప్పుడు ఒక చిన్న కాగితం మీద తీరం గీత గీసి, బాణం వేసి చూసుకో. నేను చివరిదాకా అలాగే చేశాను.

గాలి దగ్గర మాత్రం లెక్క తిరగబడుతుంది, ఇక్కడ సీనియర్లు కూడా జారిపడతారు. తుపానుకు వెళ్లే దిక్కు పేరు పెడతాం. గాలికి వచ్చే దిక్కు పేరు పెడతాం. నైరుతి రుతుపవనాలు నైరుతి నుంచి వస్తాయి, ఈశాన్య రుతుపవనాలు ఈశాన్యం నుంచి వస్తాయి. పడమటి గాలి అంటే పడమర నుంచి వీచేదని మన ఊళ్లో ఎవరికైనా తెలుసు. అలాంటిది ఇంగ్లిష్ బులెటిన్ ముందు పెట్టుకుని రాసేటప్పుడు తడబడతాం. అందులో ‘నార్త్‌వెస్ట్‌వర్డ్స్’ అని ఉంటే వాయవ్యానికి వెళ్తోందని. ‘నార్త్‌వెస్టర్లీ విండ్స్’ అని ఉంటే వాయవ్యం నుంచి వస్తోందని. రెండింటినీ ‘వాయవ్య దిశగా’ అని రాసేస్తే రెండోది పూర్తిగా తలకిందులవుతుంది. వాయవ్యం నుంచి వీచే గాలి మన దగ్గర భూమి మీద నుంచి సముద్రంలోకి వీస్తుంది, ఒడ్డున ఉన్న పడవను లోపలికి తోస్తుంది. ‘వాయవ్య దిశగా వీచే గాలి’ అంటే సముద్రం నుంచి ఒడ్డుకు. చదివేవాడు ఏం చేయాలో దాన్ని బట్టి మారిపోతుంది. కాబట్టి గాలి వార్తలో ‘దిశగా’ జోలికే వెళ్లకు. ‘వాయవ్యం నుంచి వీస్తాయి’ అని ‘నుంచి’ పెట్టి రాయి.

ఎటు నుంచి గాలి అన్నది ఎందుకంత ముఖ్యమో చెప్తాను. మన భూగోళార్ధంలో తుపాను గాలి గడియారం ముల్లుకు వ్యతిరేకంగా తిరుగుతుంది. తుపాను వాయవ్య దిశగా వచ్చి పలాస దగ్గర తీరం తాకిందనుకో. దాని నడకకు కుడి పక్కన ఉండే సోంపేట, ఇచ్ఛాపురం తీరంలో గాలి సముద్రం మీద నుంచి వస్తుంది. ఉప్పెన ముప్పు ఆ పక్కనే ఎక్కువ. ఎడమ పక్కన ఉండే కళింగపట్నం, గార తీరంలో గాలి భూమి మీద నుంచి వస్తుంది. ఇక తుపాను కన్ను, అంటే గాలి లేని దాని నడిమి భాగం, సరిగ్గా మీద నుంచి వెళ్లే ఊరికి ముందు ఈశాన్యం నుంచి గాలి కొడుతుంది. కన్ను వచ్చినప్పుడు ఒక్కసారిగా నిమ్మళిస్తుంది, జనం తుపాను పోయిందనుకుని బయటికొస్తారు. కాసేపటికి నైరుతి నుంచి, అంటే అప్పటిదాకా కొట్టినదానికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది. అప్పటిదాకా చాటుగా ఉన్న గోడ కాస్తా ఎదురుగా నిలబడినట్టవుతుంది. ‘గాలి తగ్గినా బయటికి రావద్దు, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి వీస్తుంది’ అనే ఒక్క వాక్యం తుపాను వార్త పక్కన బాక్సు కట్టి వేయించు. చోటు లేదంటే ఫొటో తగ్గించమని అడుగు.

నదుల వార్తల్లో ‘దిశగా’కు బదులు ‘ఎగువ’, ‘దిగువ’ ఉంటాయి. మన వంశధార, నాగావళి రెండూ ఒడిశాలో పుట్టి దిగొచ్చేవే. ‘ఎగువన భారీ వర్షాలు’ అంటే మనవాళ్లకు ఒడిశా అని అలవాటుగా తెలుసు. ఇబ్బంది ‘దిగువ’తో వస్తుంది. వంశధార వార్తలో ‘గొట్టా బ్యారేజీ నుంచి దిగువకు నీటి విడుదల’ అని రాసి ఊరుకుంటాం. దిగువంటే ఎవరు? బ్యారేజీ ఉన్న హిరమండలం దాటాక జలుమూరు, నరసన్నపేట, పోలాకి, గార మండలాల నదీతీర గ్రామాలు. కొత్తూరు, భామిని వాళ్లు ఎగువన ఉన్నారు. మండలాల పేర్లు రాయి. ‘కుడి గట్టు’, ‘ఎడమ గట్టు’ కూడా అంతే. నది పారే వైపు ముఖం పెట్టి నిలబడితే నీ ఎడమ చేతి పక్కది ఎడమ గట్టు. గొట్టా నుంచి టెక్కలి, పలాస పక్కకు వెళ్లేది ఎడమ కాలువ, ఆమదాలవలస, శ్రీకాకుళం పక్కకు వచ్చేది కుడి కాలువ. వంతెన మీద ఎదురు తిరిగి నిలబడి కుడి ఎడమలు తారుమారు చేసి పంపిన వార్తలు నేను చాలానే దిద్దాను.

ఇక నీ రెండో వాక్యం, ‘పూర్తి దిశగా’. వార్తల్లో ‘దిశగా’ ఎక్కువగా కనిపించేది నిజానికి ఇలాగే. సాకారం దిశగా, పరిష్కారం దిశగా, అభివృద్ధి దిశగా అడుగులు. వీటిలో కదిలే వస్తువు లేదు, కదలిక ఉన్నట్టు మాట మాత్రం ఉంది. ‘పూర్తి వైపు’ అనేది తెలుగులో అతకదు కాబట్టి డెస్కు వాళ్లు ‘పూర్తి దిశగా’ అని దిద్దారు. అంతవరకు న్యాయమే. కానీ ఆ మాట చదివాక పాఠకుడికి ఏం తెలిసింది? పని సగమైనా పూర్తి దిశగానే, పదో వంతైనా పూర్తి దిశగానే. అసలు పని ఆగిపోయి అధికారి మళ్లీ మొదలుపెడతామని చెప్పినా మనం ‘పూర్తి దిశగా’ అనే రాస్తాం. ఉద్దానం కిడ్నీ సమస్య మీద ‘పరిష్కారం దిశగా’ అని ఎన్ని శీర్షికలు నేనే పెట్టానో లెక్కలేదు. 2023 డిసెంబరు 14న హిరమండలం నుంచి నీళ్లిచ్చే పథకం, పలాసలో కిడ్నీ ఆస్పత్రి ప్రారంభమైనప్పుడు మాత్రం ఆ మాట అవసరం రాలేదు. ఏమిటి, ఎక్కడ, ఏ రోజు అన్నీ చేతిలో ఉన్నాయి. సరుకు ఉన్నప్పుడు ‘దిశగా’ దానంతట అదే తప్పుకుంటుంది. ఆ తర్వాత కూడా మన పని ఏమిటంటే, ఏ ఊరి కుళాయిలో ఎన్ని గంటలు నీళ్లు వస్తున్నాయో వెళ్లి చూసి రాయడం.

అలాగని ఈ వాడుకను పూర్తిగా మానెయ్యమని అనను. దీనికి ఇంటి మాటలు రెండున్నాయి, వాటితో కలిపి చూస్తే ఎప్పుడు పనికొస్తుందో తెలుస్తుంది. ఒకటి ‘బాట’. రెండోది ‘ముఖం’. పలాసలో జీడి కార్మికులు కూలి రేట్ల మీద గొడవ పడుతున్నారనుకో. సంఘాలు మాట్లాడుకుంటున్నాయి, నోటీసు ఇంకా ఇవ్వలేదు. అప్పుడు ‘సమ్మె దిశగా జీడి కార్మికులు’ అనొచ్చు. నోటీసు ఇచ్చేసి, ఫలానా రోజు నుంచి పని మానేస్తామని ప్రకటించాక ‘సమ్మె బాట’. బాట అంటే దారి పట్టేశారని, నిర్ణయం అయిపోయిందని. ఈ రెండూ తారుమారు చేస్తే యజమానులూ నిలదీస్తారు, కార్మికులూ నిలదీస్తారు. ‘ముఖం’ ఇంకా అందమైన మాట. వరద తగ్గుముఖం పట్టింది, ధరలు తగ్గుముఖం పట్టాయి, వలస వెళ్లినవాళ్లు తిరుగుముఖం పట్టారు. అప్పటిదాకా ఒక పక్కకు సాగింది ఇప్పుడు మొహం తిప్పుకుందని ఒక్క మాటలో చెప్తుంది. ‘వరద తగ్గే దిశగా ఉంది’ అని ఎవరైనా రాస్తే నాకు బాధేస్తుంది. ‘తగ్గుముఖం’ లాంటి నిండైన మాట ఉండగా మూడు మాటలు అతికించడం ఎందుకు? అయితే తగ్గుముఖం రాయడానికి కూడా చేతిలో లెక్క ఉండాలి. పొద్దున బ్యారేజీ దగ్గర ఎన్ని క్యూసెక్కులు, సాయంత్రం ఎన్ని అని రెండు అంకెలు కనుక్కున్నాకే రాయి.

‘దశ’, ‘దిశ’ కలిసిపోయే తప్పు కూడా తరచూ వస్తుంది. ‘పనులు తుది దిశకు’ అని రాస్తుంటారు. తుది దశ, చివరి దశ అంటే చివరి మెట్టు. అక్కడ దిశకు పనిలేదు. ‘దశదిశలా వ్యాపించింది’ అన్నప్పుడు మాత్రం రెండూ ఉంటాయి, అక్కడ దశ అంటే పది, పది దిక్కులా అని అర్థం. ఇంకా, ఎంపీ అధ్యక్షతన జరిగే జిల్లా అభివృద్ధి సమన్వయ, పర్యవేక్షణ కమిటీ పేరు కూడా దిశే, 2020లో మహిళల రక్షణకు తెచ్చిన యాప్‌కూ అదే పేరు పెట్టారు. శీర్షికలో ఒంటరిగా ‘దిశ’ అని వేస్తే ఏ దిశో తెలియదు. ‘దిశ కమిటీ’, ‘దిశ యాప్’ అని తోడు మాట వెయ్యి. ‘దిశానిర్దేశం చేశారు’ అనే మాటను మాత్రం వీలైనంత వరకు నా కాపీల్లోకి రానివ్వలేదు. నాయకుడు ఏం చేయమన్నాడో అది రాస్తే సరిపోతుంది.

టీవీ స్క్రోలింగులో ఎలా అని కూడా అడిగావు. అక్కడ పది మాటలకు మించి చోటుండదు. అయినా చోటు, నడక రెండూ పట్టించవచ్చు: ‘కళింగపట్నానికి 300 కి.మీ. ఆగ్నేయాన వాయుగుండం, వాయవ్య దిశగా కదలిక’. ఇక్కడ అంకెలు ఉదాహరణకు వేసినవే, నీకు వచ్చిన బులెటిన్ చూసి మార్చుకో. టైము తప్పకుండా వెయ్యి. పొద్దున ఎనిమిదింటి బులెటిన్ సాయంత్రం దాకా తిరుగుతూ ఉంటే దిక్కు సరైనదైనా వార్త తప్పే.

నీ లారీ వాక్యం ఇలా ఉంటే బాగుంటుంది: ‘సోంపేట నుంచి కాశీబుగ్గ వైపు వెళ్తున్న లారీ’. సోంపేట అని నేను ఉదాహరణకు వేశాను; ఎక్కడి నుంచో నువ్వు రాయలేదు, పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేసి కనుక్కో. వంతెన వాక్యంలో ‘పూర్తి దిశగా’ కొట్టేసి, మొత్తం స్తంభాలెన్ని, ఇప్పటికి లేచినవెన్ని, పైన స్లాబు ఎంతవరకు పడింది, కాంట్రాక్టు గడువు ఎప్పటికి అని నాలుగు సంగతులు పెట్టు. ఇంజినీరు చెప్పకపోతే నువ్వే వెళ్లి స్తంభాలు లెక్కపెట్టి రా. సోంపేట నుంచి ఎంతో దూరం ఉండదు కదా. లెక్క దొరికాక వార్త మళ్లీ రాసి పంపు, చూస్తాను.